మిరపకాయల కల్లంలో మా క్లబ్బు

ఆ రోజుల్లో జగ్గయ్యపేటలో డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్న కుర్రాణ్ణి "ఏం చేస్తున్నావు బాబూ" అని ఎవరూ అడిగేవారు కాదు. ఏమీ చేయడం లేదని వాళ్ళకి తెలుసు, వాళ్ళకి తెలుసని మనకీ తెలుసు. తొంభైల మొదటి సంవత్సరాల మాట ఇది. పొద్దున్నే టైపు మిషన్ ముందు కూర్చుని వేళ్ళు నొప్పి పుట్టేదాకా కొట్టడం, మధ్యాహ్నం అమ్మ పెట్టింది తిని పడుకోవడం, సాయంత్రం ఎండ తగ్గగానే బ్యాటు చంకన పెట్టుకుని సైకిలెక్కడం, ఇదే మా ఉద్యోగం. ఉద్యోగం అని ఎందుకంటున్నానంటే, ఆ మూడో పనిలో మేము చూపించిన శ్రద్ధ తరవాత జీతం తీసుకుని చేసిన ఏ పనిలోనూ చూపించలేదు. ఆట పేరు బాల్ బ్యాడ్మింటన్. ఇప్పటి పిల్లలకి ఆ మాట చెబితే ఈకల కాక్ గుర్తొస్తుంది. అది వేరు. ఇది పసుప్పచ్చ ఉన్ని బంతితో ఆరుబయట ఆడే ఆట. నెట్టుకి అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. ఇరవైతొమ్మిది పాయింట్లు ఎవరు ముందు చేస్తే గేము వాళ్ళది, రెండు గేములు ఎవరు గెలిస్తే మ్యాచి వాళ్ళది. అంతకు మించి నిబంధనలు నాకు అప్పుడూ తెలియవు, ఇప్పుడూ తెలియవు.

ఆ ఆటకి మా ఊళ్ళో ఒక క్లబ్బు ఉండేది. ఇప్పుడు లేదు. దాని చరిత్ర రాసేవాళ్ళు ఇంకెవరూ కనిపించడం లేదు గనక, దాని చిట్టచివరి సెక్రటరీని నేనే గనక, ఈ పని నా నెత్తిన పడింది. (సెక్రటరీ పదవి నాకు ఆట వల్ల వచ్చిందని ఎవరూ అపోహ పడవద్దు. అయిదుగురిలో సొంత సైకిలు, గుండ్రటి చేతిరాత రెండూ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆట విషయానికొస్తే, బయటికి పోయే బంతిని కూడా పిలిచి మరీ కొట్టి అవతలివాళ్ళకి అప్పగించే మంచి మనసు నాది.)

క్లబ్బు పెట్టినవారు మా డ్రిల్లు మాస్టారు. బడిలో మాకు వ్యాయామం చెప్పినాయన. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటుతో ఉండేవారు. చిన్నప్పుడు బాగా ఆడేవారట. మోకాలు దెబ్బతిని ఆపేశారు. ఇక తాను ఆడలేని ఆటంతా మా చేత ఆడించాలని పంతం పట్టారు. విజయవాడకి ట్రాన్స్‌ఫర్ వస్తే, "పిల్లలు సగంలో ఉన్నారు" అని వద్దనుకున్నారు. ఇంకోసారి వస్తే మళ్ళీ వద్దనుకున్నారు. ఆ పిల్లలం మేమే, అప్పటికే మాకు మీసాలొచ్చి రెండుమూడేళ్ళయింది. మాస్టారి భార్య కూడా టీచరే. ఆవిడ మేం కనిపించినప్పుడల్లా "ఇంకా సగంలోనే ఉన్నారా బాబూ" అని చాలా మర్యాదగా అడిగేవారు. మాస్టారు మాత్రం రోజూ ఆట మొదలయ్యే ముందు మమ్మల్ని నిలబెట్టి కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి "ఒరే నాన్నా, బంతిని చూడండిరా. జనాన్ని తరవాత చూడొచ్చు" అనేవారు. అంతకు మించిన కోచింగ్ నాకు గుర్తులేదు.

ఆడుకోవడానికి చోటు ఇచ్చింది షావుకారుగారు. ఊళ్ళో ఆయనది మిరపకాయల వ్యాపారం. ఊరి చివర ఆయనకి పెద్ద కల్లం ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో కొన్న కాయని పొద్దున ఆ కల్లం నిండా ఎర్రగా పరిచి ఎండబెట్టేవారు. మధ్యాహ్నం దాటాక ఆడకూలీలు దాన్ని ఓ వారగా కుప్పలు పోసి పట్టాలు కప్పి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు అటు వెళ్ళగానే మేం ఇటు దిగేవాళ్ళం. గుంజలు పాతి, నెట్టు కట్టి, సున్నంతో గీతలు గీసి చీకటి పడేదాకా ఆడేవాళ్ళం. షావుకారుగారు అరుగు మీద మడత కుర్చీ వేసుకుని చూసేవారు. ఆయనకి ఆట తెలియదు, గెలుపు తెలుసు. మేం గెలిచిన రోజున ఆయన నడకే వేరుగా ఉండేది.

ఆ కల్లంలో మేం ఓడిపోయింది లేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు. కీసర టీము వచ్చి ఓడిపోయింది, వీరులపాడు వాళ్ళు వచ్చి ఓడిపోయారు, జి.కొండూరు వాళ్ళు, సరిహద్దు అవతల కోదాడ వాళ్ళు, అందరూ వచ్చారు, అందరూ ఓడిపోయారు. నందిగామ వాళ్ళయితే ఏటా వచ్చి ఏటా ఓడిపోయి వెళ్ళేవాళ్ళు. నందిగామ కెప్టెను మా మేనమామ కొడుకు, వరసకి నాకు బావ. ఆటలో నాకు పదింతలు. వాడు కూడా మా కల్లంలో దిగేసరికి కాళ్ళూ చేతులూ ఆడక, ముక్కు తుడుచుకుంటూ, కళ్ళు నలుపుకుంటూ బంతి ఎక్కడుందో బ్యాటు ఎక్కడుందో తెలియకుండా అయిపోయేవాడు. వచ్చిన టీములన్నిటిదీ అదే తంతు. దిగిన పది నిమిషాలకి ఒకడు తుమ్మేవాడు, వాడి వెనక ఇంకొకడు. మేం జాలిపడేవాళ్ళం. బస్సు ప్రయాణం, రోడ్డు దుమ్ము, పాపం పడిశం పట్టినట్టుందని సోడాలు తెప్పించి ఇచ్చేవాళ్ళం. చుట్టుపక్కల ఊళ్ళలో మమ్మల్ని 'ఘాటు టీము' అంటారని తెలిసి మా ఛాతీలు ఇంకో అంగుళం పెరిగాయి. మా ఆటలో ఘాటు గురించే అంటున్నారనుకుని, బనియన్ల మీద ఎర్ర మిరపకాయ బొమ్మ అచ్చు వేయించుకుని మరీ తిరిగాం.

మ్యాచి అయ్యాక రెండు టీములకీ షావుకారుగారింట్లో భోజనం. ఆయన భార్యని మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ చేతి గారెలు, పులిహోర, గడ్డపెరుగు తిన్నవాడు ఓడిపోయిన సంగతి ఆకు మడిచేలోగా మరిచిపోయేవాడు. ఇదంతా ఇంట్లో సంగతి. బయటి ఊరికి వెళ్ళామో, మా పరువు బస్సు దిగగానే పోయేది. కీసరలో ఓడిపోయాం. వీరులపాడులో ఓడిపోయాం. నందిగామలో ఎన్నిసార్లు ఓడిపోయామో లెక్కపెట్టడం మానేశాం. మాస్టారు దానికి ధైర్యం చాలకపోవడం అని పేరు పెట్టారు. మా టీములో ముందు వరసలో ఆడే పొడుగు మాత్రం (ఆరడుగుల మనిషి, పేరు పెట్టి పిలిచినవాణ్ణి నేనెరగను) వాస్తు అన్నాడు. అప్పట్లో ఊళ్ళో అందరూ వాస్తు పేరు చెప్పి గోడలు పగలగొట్టి గుమ్మాలు మారుస్తున్నారు, వాడూ కోర్టులో మేం నిలబడే మూలలు మార్చాలనుకున్నాడు.

అలా ఉండగా ఒక ఏడు, కాయ కల్లంలో ఉండగానే అకాలవర్షం పడింది. షావుకారుగారికి బాగా దెబ్బ తగిలింది. ఆయన అల్లుడు వచ్చి కల్లం మొత్తానికి రేకుల షెడ్డు వేసేద్దామన్నాడు. షెడ్డు వేస్తే ఇక ఆట లేదు. మేం అయిదుగురం మాస్టారిని వెంటబెట్టుకుని షావుకారుగారి అరుగు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఆయన వక్కపొడి నములుతూ మాస్టారి వైపు తిరిగారు.

"మాస్టారూ, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవడం చూసి చూసి నాకు మొహం మొత్తిందండి. ఆ రచ్చ సంగతేంది? మా అల్లుడు మిమ్మల్ని ఇంటి పులులంటన్నాడు. నా దగ్గర జవాబు లేదు."

"ఒక్క అవకాశం ఇవ్వండి షావుకారుగారూ" అన్నారు మాస్టారు.

"ఇస్తా. నందిగామలో, వాళ్ళ నేల మీద, ఒక్కసారి గెలవండి. మీ కోర్టు ఉన్నంత మేర నా కంఠంలో ప్రాణం ఉండగా షెడ్డు వెయ్యను. ఎవరు చెప్పినా వినను. ఓడిపోతే మాత్రం మళ్ళీ నన్నడగొద్దు."

ఆ రోజు మేం ఇంటికి నడిచి వెళ్ళాం, సైకిళ్ళు ఉండి కూడా. ఊళ్ళో అంత చదునైన నేల ఇంకెక్కడా లేదు. కల్లం పోతే క్లబ్బు పోతుంది, క్లబ్బు పోతే మేం ఉట్టి నిరుద్యోగులం. అంతవరకూ మేం నిరుద్యోగులమైన ఆటగాళ్ళం. ఆ రెంటికీ మధ్య తేడా పడ్డవాడికే తెలుస్తుంది.

మా మొహాలు చూసి జాలిపడింది అమ్మగారు. "పెళ్ళికి పుట్టమన్ను తెచ్చుకుంటాం గదా నాయనా, అట్టా మన కల్లం మన్ను ఓ గుప్పెడు పట్టుకెళ్ళి ఆ కోర్టు నాలుగు మూలలా చల్లండి. మన నేల మీద నిలబడ్డట్టే ఉంటది" అన్నారు. మాస్టారు చర్చికి వెళ్ళే మనిషి, ఇలాంటివి నమ్మరు. అయినా అమ్మగారి మాట కాదనలేక "దానివల్ల చెడిపోయేదేం ఉందిలెండి" అన్నారు. పాపం, ఆ మాట గురించి ఆయన తరవాత చాలాసార్లు తలుచుకుని ఉంటారు.

గుప్పెడు అన్నారు అమ్మగారు. మా పొడుగుకి గుప్పెడు ఆనలేదు. "గుప్పెడు ఏం సరిపోద్దిరా? వాళ్ళ కోర్టు నిండా గుంటలే గదా. ఆ గుంటలన్నీ మన మన్నుతోనే పూడ్చామనుకో, పుణ్యం పురుషార్థం రెండూను" అన్నాడు. మాటలో న్యాయం ఉన్నట్టే అనిపించింది. నందిగామ కోర్టులో గుంటలున్న మాట నిజం, "గుంటలు నచ్చకపోతే మీరే పూడ్చుకోండి" అని మా బావ ఏనాడో అన్నమాటా నిజం. కల్లంలో ఏ మూల మన్ను తియ్యాలని వెతికాం. ఆడకూలీలు నెలల తరబడి కూర్చుని కాయలకి తొడిమలు తీసే మూల ఒకటుంది. అక్కడి మన్ను మెత్తగా, ఎర్రగా, జల్లెడ పట్టినట్టు ఉంది. పారతో గీకి రెండు బస్తాలకెత్తాం. చుట్టూ ఊరంతా నల్లరేగడి నేల అయితే ఈ కల్లం ఒక్కటే ఎర్రగా ఎందుకుందని డిగ్రీ చదివిన మా అయిదుగురిలో ఒక్కడికీ అనుమానం రాలేదు. బంగారంలాంటి మన్ను అని ఒకరికొకరం చెప్పుకున్నాం.

ఆదివారం నాడు గుంటూరు వెళ్ళే షావుకారుగారి లారీలో, మిరపకాయలు కుక్కి కుట్టిన టిక్కీల మీద కూర్చుని, రెండు బస్తాల మన్ను పక్కన పెట్టుకుని బయల్దేరాం. చిల్లకల్లు దాటేదాకా పాటలు పాడాం. చిల్లకల్లు దాటాక భయం మొదలై ఊరుకున్నాం. వెనకాల షావుకారుగారు కారులో వచ్చారు. నందిగామలో దిగేసరికి మా బావ బస్తాలు చూసి, "ఏందిరా బావా, కొట్టు పెడతన్నావా" అన్నాడు. కోర్టు గుంటలు పూడ్చడానికి తెచ్చామన్నాను. వాడు నవ్వి, "మంచిదేలే, కూలి లేకుండా పని అయిపోద్ది" అని పార కూడా తెచ్చి ఇచ్చాడు. గుంటలు పూడ్చాం. మిగిలిన మన్ను పారబొయ్యడం దేనికని కోర్టంతా పల్చగా చల్లి కాళ్ళతో సర్దాం. అంపైరుగా నందిగామలోనే ఉండే ఒక రిటైరైన పోస్టుమాస్టరుగారు వచ్చి ఎత్తు బల్ల మీద కూర్చున్నారు. షావుకారుగారు కొబ్బరికాయ కొట్టారు, మాస్టారు ప్రార్థన చేశారు, మేం రెంటికీ దణ్ణం పెట్టుకున్నాం. ఎండలో ఆట మొదలైంది.

పది పాయింట్లు ఆడామో లేదో నందిగామ కుర్రాడొకడు తుమ్మాడు. తరవాత ఇంకొకడు. అయిదుగురూ మొదలెట్టారు. మా బావ సర్వీసు చెయ్యబోయి బంతి పైకి విసిరి తుమ్మాడు, అది వాడి నెత్తిమీదే పడింది. మేం పట్టలేని సంతోషంతో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మగారి మన్ను పనిచేస్తోంది. బంతి నేలకి తగిలి లేచినప్పుడల్లా ఉన్నికి అంటిన ఎర్రదుమ్ము చిన్న మబ్బులా ఎగురుతోంది, దాన్ని బ్యాటుతో కొడితే ఇంకో మబ్బు. మాకేమీ కాలేదు. హాయిగా ఊపిరి పీల్చుకుంటూ గేము గెలిచేశాం. ఆ సరికి గట్టు మీద కూర్చున్న జనం కండువాలు ముక్కుకి కట్టుకున్నారు. మిరపకాయ బజ్జీల బండివాడు (వాడికి ఆ ఘాటు కొత్తేమీ కాదు పాపం) బండి తోసుకుంటూ అవతలి చివరికి వెళ్ళిపోయాడు. అంపైరుగారు స్కోరు చెప్పబోయి మూడుసార్లు తుమ్మి, నాలుగోసారికి వేళ్ళతో చూపించారు.

అప్పుడు మా బావ కోర్టు మధ్యలో గొంతుక్కూర్చుని, ఒక చిటికెడు మన్ను తీసి వాసన చూశాడు. కాస్త నాలిక మీద వేసుకున్నాడు. లేచి నా దగ్గరికి వచ్చాడు.

"ఏరా బావా, దీంట్లో కాస్త ఉప్పు, నూనె కలిపావంటే ఇడ్లీలోకి బాగుంటదిరా."

చుట్టూ జనం గొల్లుమన్నారు. నాకు అర్థం కాలేదు. "మన్నులో ఉప్పేంది?" అన్నాను.

"ఇది మన్ను ఎట్టా అయిద్దిరా? కారం. మీ కల్లం నిండా ఇదే గదా. మీ ఊళ్ళో అంటే ఏదో మీ నేల, మీ ఇష్టమని ఊరుకున్నాం. మా ఊరికి కూడా మోసుకొస్తే ఎట్టారా?"

"అంటే ఇన్నేళ్ళూ మీరు మా కల్లంలో తుమ్మింది బస్సు దుమ్ముకి కాదా?"

"పేటకొచ్చే బస్సులోనే దుమ్ముంటదా బావా? పేట నుంచి పోయే బస్సులో ఉండదా? మరి పోయేటప్పుడు మేం తుమ్మం గదా?" అని వాడు నా మొహంలోకి చూసి, "మీకు నిజంగా తెలవదా?" అన్నాడు.

నిజంగానే తెలియదు. ఏళ్ళ తరబడి రోజూ ఆ గాలి పీల్చి పీల్చి మా ముక్కులు ఏనాడో చచ్చిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు, 'ఘాటు టీము' అంటే ఏమిటో పసిపిల్లలకి తెలుసు, ఒక్క మాకే తెలియదు. మిరపకాయ బొమ్మ బనియన్లు వేసుకుని నిలబడ్డాం. మరి ఎన్నడూ చెప్పలేదేం అని బావని అడిగితే, "చెబితే మళ్ళీ పిలుస్తారో పిలవరో. అమ్మగారి గారెలు పోవూ?" అన్నాడు. గారెల కోసం ఓడిపోయేవాళ్ళ మీద ఇన్నేళ్ళు గెలిచామన్నమాట. షావుకారుగారు మాత్రం "మన కాయ అంత ఘాటుగా ఉందా" అని ఒక పక్క గర్వపడబోయి, మాస్టారి మొహం చూసి మాట మింగేశారు.

మాస్టారు బంతి చేతిలోకి తీసుకుని చూస్తున్నారు. పసుప్పచ్చ బంతి కాస్తా నారింజ రంగుకి తిరిగింది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. ఆయనకీ రాలేదు వాసన, మా అందరిలో ఎక్కువ ఏళ్ళు ఆ గాలి పీల్చింది ఆయనే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంపైరుగారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని న్యాయం చెప్పారు: "నిబంధనల్లో మన్ను ప్రస్తావన లేదు మాస్టారూ. గెలిచిన గేము గెలిచినట్టే. వాళ్ళు ఆడతామంటే కానివ్వండి." నందిగామ వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు, ఆడతామన్నారు. పొడుగు మాస్టారి చెవిలో "ఇంకొక్క గేము మాస్టారూ, కల్లం మనదే" అన్నాడు.

మాస్టారు మమ్మల్ని దగ్గరికి పిలిచారు.

"ఇంకొక్క గేము గెలిస్తే కల్లం మనకి దక్కుద్ది, నిజమే. కానీ ఆ గేము గెలిచేది ఎవర్రా? మీరా, మిరపకాయలా? ట్రాన్స్‌ఫర్ వద్దనుకున్నందుకు మీ టీచరుగారు ఇప్పటికీ దెప్పుతానే ఉంది. పిల్లలకి ఆట నేర్పానని ఆమెతో చెప్పుకుంటా వచ్చా. నేర్పానో లేదో నాకు ఈపూట తెలియాల. కల్లం పోతే పోనీండిరా."

తుమ్మితే ఊడే ముక్కు లాంటి క్లబ్బు మాది, దాన్ని ఆయనే చేతులారా ఊడగొడుతున్నారని ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది. కానీ ఆయన ఎదుట మాట్లాడగలిగిన మగాడు మాలో లేడు. మేం పార, చీపుళ్ళు తీసుకుని తెచ్చిన మన్నంతా మళ్ళీ బస్తాలకెత్తాం. బోరింగు దగ్గర్నుంచి బకెట్లతో నీళ్ళు మోసి కోర్టంతా తడిపాం. నందిగామ వాళ్ళు కూడా మోశారు. మా బావ నా నెత్తిన ఓ బకెట్టు గుమ్మరించి "దుమ్ము నీ మీద కూడా ఉందిరా" అన్నాడు. కొత్త బంతి తీశారు. గెలిచిన గేము వదిలేసి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టమని మాస్టారే అంపైరుగారిని అడిగారు.

మొదటి గేము ఓడిపోయాం. ఎప్పటిలాగే, చాలా తేలిగ్గా. రెండో గేములో ఏం జరిగిందో నేను సరిగ్గా చెప్పలేను. ఇక పోవడానికేమీ లేదన్న సంగతి అందరికీ ఒక్కసారే తెలిసినట్టుంది. జనాన్ని చూడటం మానేశాం. బంతి ఒక్కటే కనిపించింది. పొడుగు నెట్టు దగ్గర ఎగిరి ఎగిరి కొట్టాడు. నేను కూడా నా జన్మలో కొట్టని దెబ్బలు రెండు కొట్టాను. రెండో గేము మాది. మూడోది సమానంగా నడిచింది. వాళ్ళొకటి, మేమొకటి. జనం నవ్వడం ఆపేశారు. షావుకారుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇంకొక్క పాయింటు వస్తే మ్యాచి మాది అన్న చోటికి వచ్చాం. వాళ్ళు మాకు ఒక్కటే వెనక ఉన్నారు.

మా సర్వీసు. బంతి అటు ఇటు చాలాసేపు తిరిగింది. చివరికి మా బావ శక్తంతా పెట్టి కొట్టిన బంతి సూటిగా నా మీదికి, వెనక గీత వైపు వస్తోంది. బయటికి పోయే బంతి అది. కానీ నా సంగతి మీకు ముందే చెప్పాను, బయటికి పోయే బంతిని చూస్తే నా చెయ్యి ఊరుకోదు. బ్యాటు ఎత్తాను. సరిగ్గా ఆ క్షణంలో, తడిసిన బట్టలకో, సాయంత్రం గాలికో, నాకు తుమ్ము వచ్చింది. మామూలు తుమ్ము కాదు, ఏళ్ళ తరబడి బాకీ ఉన్న తుమ్ములన్నీ కలిసి ఒకేసారి వచ్చినట్టు వచ్చింది. కళ్ళు మూసుకుపోయాయి. బ్యాటు గాలిలోనే ఆగిపోయింది. బంతి నా చెవి పక్కనుంచి వెళ్ళి గీత అవతల పడింది. అంపైరుగారు "అవుట్" అన్నారు. మిగతా నలుగురూ చక్కగా ఆడి గెలిచారు, నేను ఆడకపోవడం వల్ల గెలిచారు.

మాస్టారు కోర్టులోకి వచ్చి ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టారు. నా దగ్గరికొచ్చి, "నీకింకా ఆట రాలేదురా. మిగతా నలుగురికీ వచ్చేసింది" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. అంత సంతోషంగా ఆయన్ని మేం అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. షావుకారుగారు అక్కడికక్కడే పదిమందిలో మాట ఇచ్చారు, కల్లంలో కోర్టు మేర మీదని. ఆ రాత్రి నందిగామ వాళ్ళని కూడా వెంటబెట్టుకుని పేట చేరితే, అమ్మగారు రెండు టీములకీ వడ్డించారు. మా బావ గారెలు తింటూ, "ఇన్నాళ్ళకి ముక్కు మూసుకోకుండా తింటన్నా" అన్నాడు.

ఇక్కడితో కథ ఆగితే బాగుండేది. గెలిచిన ఏడాదే క్లబ్బు కరిగిపోవడం మొదలైంది. మాస్టారికి మూడోసారి ట్రాన్స్‌ఫర్ వస్తే ఈసారి కాదనలేదు. "ఇంక నా పని అయిపోయిందిరా" అని టీచరుగారితో, సామానుతో విజయవాడ వెళ్ళిపోయారు. పొడుగు హైదరాబాదులో ఏదో కంపెనీలో కుదిరాడు. ఒకడికి బ్యాంకు, ఒకడికి బడిపంతులు ఉద్యోగం, ఒకడికి మామగారి ఎరువుల కొట్టు. నేను సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరి, పెళ్ళిచేసుకుని, పొట్ట పెంచాను. మా తరవాతి కుర్రాళ్ళు క్రికెట్టు బ్యాట్లు పట్టుకున్నారు. క్లబ్బు మూసేస్తున్నామని ఎవరూ ఎక్కడా అనలేదు. ఒక సాయంత్రం నలుగురం, ఇంకో సాయంత్రం ఇద్దరం, ఆ తరవాత ఎవరం వెళ్ళలేదు.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకి, ఒక మాఘమాసంలో, షావుకారుగారు నాకు కబురు పెట్టారు. ఆయన ముసలివారైపోయారు. అమ్మగారు అప్పటికి లేరు. కల్లం గేటు తీసుకుని లోపలికి వెళ్ళి చూద్దును కదా, నేలంతా ఎర్రగా కాయ పరిచి ఉంది, మధ్యలో మాత్రం పొడుగ్గా ఒక ముక్క ఖాళీగా ఉంది. మా కోర్టు అంత మేర. దాని మీద ఒక్క కాయ కూడా పడకుండా చుట్టూ ఊడ్చి ఉంచారు. నడుమ నెట్టు కోసం అటూ ఇటూ మేం పాతిన గుంజలు అలాగే ఉన్నాయి.

"ఏటా ఇట్టాగే కోర్టు వదిలేసి పోయిస్తన్నారా?" అని అడిగాను.

"మాటిచ్చా గదయ్యా. మా అల్లుడు రోజూ తిడతన్నాడు. షెడ్డు లేకపోతే లేదు, అంత చోటు ఉట్టిగా ఎందుకు వదిలేస్తన్నారంటాడు. మీవాళ్ళు ఎవరైనా వస్తారేమోనని ఊరుకున్నా. వస్తారా?"

నేను ఆయన ముందు నిలబడి కాళ్ళ వైపు చూసుకున్నాను. ఎవరూ రారని ఆయనకీ తెలుసు. కానీ ఆ మాట క్లబ్బు తరఫున ఎవరో ఒకరు చెప్పాలి, చెబితే తప్ప ఆయన ఆ ముసలితనంలో ఇచ్చిన మాట దింపుకోలేరు. ఇంత బాధ్యత ఉంటుందని తెలిస్తే ఆ సెక్రటరీ పదవి సైకిలుతో సహా ఇంకెవరికైనా ఇచ్చేసేవాణ్ణి.

"ఎవరూ రారండి. అక్కడ కూడా పోయించండి షావుకారుగారూ" అన్నాను.

"సెక్రటరీగా చెప్తన్నావా?"

"అవునండి."

 ఆయన ఆడకూలీలని పిలిచి చెప్పారు. వాళ్ళు గంపలతో కాయ తెచ్చి ఆ ఖాళీలో గుమ్మరించి చేతులతో పరవడం మొదలుపెట్టారు. ముందు అవతలి టీము సగం నిండింది, తరవాత మా సగం. నేను వెనక గీత దగ్గర, నాకు అలవాటైన చోటే నిలబడ్డాను. నా కాళ్ళ దాకా వచ్చేసరికి ఒకావిడ "కాస్త జరగండి బాబూ" అంది. జరిగాను. నేలంతా ఒకే ఎరుపైపోయింది, కోర్టు ఎక్కడుండేదో కొత్తవాళ్ళకి చెప్పినా తెలియదు. నా కళ్ళు మండిపోతున్నాయి, ముక్కు కారుతోంది. జేబురుమాలు కోసం తడుముకుంటుంటే షావుకారుగారు చూశారు.

"ఏమయ్యా, అలవాటు తప్పిందా?" అన్నారు.

"తప్పిందండి" అన్నాను.